"ఆగు, అమ్మకి ఫోన్ చేస్తా": సంక్రాంతి సెలవుల్లో ఒక ఇల్లు, ఒక కేస్ స్టడీ

సెలవుల టైంలో ఉద్యోగం చేసే అమ్మలు కౌన్సిలింగ్‌కి వస్తే మనం ఎక్కువగా టైం గురించే మాట్లాడతాం. పనులు పంచుకోండి, రెండు రోజులు లీవ్ పెట్టండి, రోజుకో గంట మీకోసం ఉంచుకోండి, ఇలాంటివి. నేనిక్కడ రాస్తున్న ఇంట్లో పనులు అప్పటికే చాలావరకు పంచుకున్నారు, ఇంట్లో పెద్దావిడ కూడా ఉంది, ఐనా ఆ పిల్లల అమ్మ నా దగ్గరికి వచ్చేసరికి నిద్రలేక, అరిచి అరిచి గొంతు పోయి ఉంది. అసలు భారం ఇంకో చోట ఉంది. నాలాగా ఫ్యామిలీ కౌన్సిలింగ్ చేసేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. కుటుంబాన్ని అడిగే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశా, కొన్ని మార్చా, పేర్లు అసలు పెట్టట్లేదు, ఆవిడ, ఆయన, పాప, బాబు, నానమ్మ అంతే.

నేపథ్యం

కోస్తా నుంచి వచ్చి హైదరాబాద్‌లో సెటిలైన కుటుంబం. ఆవిడ ఒక ఆడిట్ ఆఫీసులో పని చేస్తుంది, ఆయన బిల్డింగ్ సైట్ల మీద సూపర్‌వైజర్. పాపకి పదకొండేళ్ళు, బాబుకి ఆరు. నానమ్మ మోకాళ్ళ ట్రీట్‌మెంట్ కోసం ఊరు నుంచి వచ్చి కొన్ని నెలలుగా వీళ్ళ దగ్గరే ఉంటోంది.

ఆవిడ ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి, అది తెలీకపోతే "పండక్కి లీవ్ పెట్టొచ్చుగా" అనేస్తాం. డిసెంబర్ 31కి జీఎస్టీఆర్-9 (జీఎస్టీ ఏడాది రిటర్న్) లాస్ట్ డేట్, జనవరి 7కి టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే కోసిన పన్ను) కట్టాలి, 11కి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20కి జీఎస్టీఆర్-3బి (నెల జీఎస్టీ రిటర్న్), 31కి మూడో క్వార్టర్ టీడీఎస్ రిటర్న్. సంక్రాంతి సరిగ్గా ఆ 11కీ 20కీ మధ్యలో పడుతుంది. సిటీ అంతా ఖాళీ అయ్యి విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు బారులు తీరి ఉన్న టైంలో వీళ్ళ ఆఫీసులో క్లయింట్లకి ఫోన్లు చేసి బిల్లులు పంపండి అని అడుక్కుంటూ ఉంటారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే పిల్లల కోసం సర్వీసు మొత్తంలో 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్ ఉంటుంది, ఈవిడది ప్రైవేటు ఆఫీసు, పండక్కి రెండు రోజులే ఇస్తారు.

దీనికి తోడు పిల్లలిద్దరివీ వేరే వేరే స్కూళ్ళు. పాపది మిషనరీ స్కూలు, డిసెంబర్ చివర్లో క్రిస్మస్ సెలవులు ఇచ్చి సంక్రాంతికి తగ్గిస్తారు. బాబుది మామూలు ప్రైవేట్ స్కూలు, సంక్రాంతికే సెలవులు. అంటే డిసెంబర్ చివరి వారం నుంచి జనవరి మూడో వారం దాకా ఎవరో ఒకరికి సెలవులు నడుస్తూనే ఉంటాయి, మధ్యలో కొన్ని రోజులు ఇద్దరూ ఇంట్లోనే.

ఏ సమస్యతో వచ్చారు

జనవరి మొదట్లో వచ్చింది, ఒక్కతే. కూర్చోగానే అన్న మాట, "మేడం, నేను నా కూతుర్ని కొట్టాను, అదీ తప్పు చేసినందుకు కాదు." డిసెంబర్ 31 సాయంత్రం, ఆఫీసులో జీఎస్టీ పోర్టల్ స్లో అయ్యి అందరూ టెన్షన్‌లో ఉన్నారు, పాప ఫోన్ చేసి "అమ్మా, తమ్ముడు నానమ్మ కళ్ళజోడు విరగ్గొట్టాడు, నేను కాదు" అంది. రాత్రి తొమ్మిది దాటాక ఇంటికెళ్ళి బాబుని ఏమీ అనలేదట, పాపని చెంప మీద కొట్టింది, "పెద్దదానివి, నువ్వు చూసుకోవాలి కదా" అని. పాప ఏడవలేదు, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. న్యూ ఇయర్ కేక్ ఫ్రిజ్‌లో అలాగే ఉండిపోయింది.

పాప ఫోన్‌లో అన్న "నేను కాదు" అనే ముక్క నా నోట్సులో గీత కొట్టి పెట్టుకున్నా. అప్పటికి దాని అర్థం పూర్తిగా తెలీలేదు కానీ పదకొండేళ్ళ పిల్ల ఒక వార్త చెప్తూనే తన సాక్ష్యం కూడా చెప్తోందంటే ఆ ఇంట్లో సాయంత్రాలు ఎలా ఉంటాయో కొంత ఊహించొచ్చు.

మొదటి సిట్టింగ్‌లో ఆవిడతో ఒంటరిగానే మాట్లాడా. భర్త చెయ్యి చేసుకుంటాడా, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా, ఇవి ఎవరి ముందూ అడిగే ప్రశ్నలు కావు, అడక్కుండా వదిలేసేవీ కావు. రెండూ లేవు. పిల్లల్ని కొట్టడం అలవాటా అని కూడా సూటిగానే అడిగా, అరవడం రోజూ ఉంది, కొట్టడం అదే మొదలు అంది. (తర్వాత పాపతో విడిగా మాట్లాడినప్పుడు అదే చెప్పింది.) అలసట, ఆయాసం, జుట్టు రాలడం, మధ్యాహ్నానికి తలనొప్పి అంటోంది కాబట్టి కౌన్సిలింగ్ మొదలుపెడుతూనే డాక్టర్ దగ్గరికి పంపించా, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూడమని. మన దగ్గర ఇది మర్చిపోకూడని స్టెప్. ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) లెక్కలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది, ఆ అలసటని కోపిష్టి స్వభావం అనుకుని నెలల తరబడి మాటలతో తగ్గించాలని చూస్తే లాభం లేదు. థైరాయిడ్ బానే ఉంది, హిమోగ్లోబిన్ 11 కూడా లేదు, 12 ఉండాలి. ఐరన్ టాబ్లెట్లు మొదలుపెట్టారు. కానీ వాటి ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది, సంక్రాంతి సెలవులేమో ముంగిట్లో ఉన్నాయి.

వాళ్ళు అప్పటికే ఏం చేసి చూశారు

వర్క్ ఫ్రం హోం అడిగి రెండు రోజులు చేసింది, ఇంకా అధ్వాన్నం. మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని తలుపేసుకుంటే ఆరేళ్ళ బాబుకి అమ్మ ఇంట్లో ఉంది కానీ దొరకట్లేదు, రోజంతా తలుపు కొడుతూనే ఉన్నాడు.

తర్వాత దగ్గర్లో వింటర్ క్యాంప్ అంటే డబ్బు కట్టారు, డ్రాయింగ్, స్కేటింగ్, చెస్. పొద్దున తొమ్మిదిన్నరకి మొదలై పన్నెండున్నరకే అయిపోతుంది. పన్నెండున్నరకి తీసుకొచ్చేదెవరు? నానమ్మ మోకాళ్ళతో నడవలేదు, ఆయన సైట్ వదిలి రాలేడు. ఆటో అంకుల్‌తో మాట్లాడటం, బయల్దేరాడా, చేరారా అని కనుక్కోవడం, అదో కొత్త పని ఆవిడ నెత్తిన పడింది. నాలుగో రోజుకి మానేశారు.

గోడ మీద రంగు రంగుల టైంటేబుల్ కూడా అంటించింది. ఆవిడ ఇంట్లో ఉంటే నడిచింది, గడప దాటితే ఎవరూ దాని వైపు చూళ్ళేదు.

వీటన్నిటిలో నాకు కామన్‌గా కనిపించిందేంటంటే, ప్రతి ప్లానూ ఆవిడే ఆలోచించి, ఆవిడే ఏర్పాటు చేసి, ఆవిడే దూరం నుంచి కాపలా కాయాల్సినదే. ఐతే ఇది అప్పటికి నా ఊహే, ఆధారం కావాలి.

కాల్ లాగ్

మామూలుగా ఇలాంటప్పుడు వారం రోజులు డైరీ రాయమంటాం. ఈవిడకి ఇంకో పని ఇవ్వడం నాకిష్టం లేకపోయింది, పైగా తప్పు చేశానన్న బాధలో ఉన్న మనిషి డైరీ రాస్తే అందులో తన తప్పులే రాస్తుంది. అందుకని ఫోన్ తీయమన్నా. డిసెంబర్ చివరి వారం కాల్ లిస్ట్, ఆఫీసు టైంలో ఇంటి నుంచి వచ్చినవి మాత్రం చూద్దామన్నా.

ఇద్దరం కూర్చుని చూశాం. రోజుకి పదిహేనుకి తక్కువ లేవు, ఒక రోజు ఇరవై రెండు. చాలావరకు నిమిషం లోపువే. ఏ కాల్ దేనికో గుర్తున్నంత వరకు చెప్పమంటే చెప్పింది, ఫ్రిజ్‌లో కేక్ తినొచ్చా, టీవీ రిమోట్ తమ్ముడు ఇవ్వట్లేదు, కింద ఫ్లాట్ ఫ్రెండ్ వస్తానంటోంది రమ్మనాలా, నానమ్మ పప్పులో ఉప్పు ఎక్కువేసింది తినకపోతే ఏమవుతుంది, స్వెట్టర్ వేసుకోవాలా, గీజర్ ఆన్ చేయొచ్చా.

ఇంట్లో పెద్దావిడ ఉండగా స్వెట్టర్ గురించి ఆఫీసుకి ఫోన్ ఎందుకు?

ఆయన్ని పిలిపించి ఆయన ఫోన్ కూడా చూశాం. అదే వారం ఇంటి నుంచి పగటిపూట ఒక్క కాల్ కూడా లేదు. ఆయన పని ఎగ్గొట్టే మనిషి కాదు, అది స్పష్టంగా చెప్పాలి. పొద్దున టిఫిన్ ఆయనదే, గిన్నెలు ఆయనవే, బాబుకి స్నానం ఆయనే చేయిస్తాడు. 2024 టైమ్ యూజ్ సర్వేలో ఇంటి పనులు చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు చేస్తున్నారని వచ్చింది, ఈయన ఆ 88 కంటే చాలా ఎక్కువే చేస్తున్నాడు. కానీ పిల్లలు ఏదైనా అడిగితే ఆయన నోట వచ్చే మొదటి మాట "అమ్మనడుగు". అది అడిగితే కాసేపు ఆలోచించి, "నేను ఒకటి చెప్పి తను ఇంకోటి చెప్తే గొడవ కదా మేడం, అందుకని" అన్నాడు. నిజాయితీ గల జవాబు, నేను దాన్ని తప్పుపట్టలేదు.

అంటే ఈ ఇంట్లో చేతులు చాలా ఉన్నాయి, పర్మిషన్ ఇచ్చే మనిషి మాత్రం ఒక్కతే, ఆవిడ పొద్దున తొమ్మిదికి వెళ్ళిపోతుంది. స్కూలు ఉన్న రోజుల్లో ఆ పర్మిషన్లన్నీ టీచర్లు ఇచ్చేస్తారు, బెల్లు ఇచ్చేస్తుంది. సెలవులొచ్చేసరికి అన్నీ ఆవిడ ఫోన్‌కే వస్తున్నాయి.

పాప మాటలు

పాపతో విడిగా మాట్లాడా. బొమ్మలేస్తూ మాట్లాడింది, మొహం చూడకుండా. ఎక్కువ ఫోన్లు తనే చేస్తుందని తెలుసు కాబట్టి, అమ్మకి ఫోన్ చేస్తే ఏమనిపిస్తుంది అని మాత్రం అడిగా. "ముందే చెప్పేస్తే సాయంత్రం నన్ను అనదు" అంది.

ఈ కేసు నాకు పూర్తిగా అర్థమైంది ఆ మాటతోనే. సగం కాల్స్ పర్మిషన్ కోసం, మిగతా సగం సాయంత్రం జరగబోయే ఎంక్వైరీకి ముందే పెట్టుకుంటున్న రక్షణ. ఆవిడ ఇంట్లో అడుగుపెడుతూనే చెప్పులు విడుస్తూ అడిగే ప్రశ్నలు నాకు తర్వాత తెలిశాయి, ఇదెవరు పడేశారు, హోంవర్క్ ఎందుకవ్వలేదు, వాడు ఫోన్ ఎంతసేపు చూశాడు. సమాధానం చెప్పాల్సింది ఎప్పుడూ పాపే. ఎంక్వైరీ భయంతో పాప ఎక్కువ ఫోన్లు చేస్తుంది, ఆ ఫోన్లతో అమ్మ ఇంకా అలసిపోయి వస్తుంది, ఎంక్వైరీ ఇంకా గట్టిగా జరుగుతుంది.

ఇక్కడొక పెద్ద నిర్ణయం. సులువైన దారి ఏంటంటే పాపకే బాధ్యత ఇచ్చేయడం, నువ్వే పెద్దదానివి, చిన్న చిన్నవి నువ్వే డిసైడ్ చెయ్యి అని. కాల్స్ తగ్గుతాయి కూడా. నేను వద్దన్నా, ఎందుకంటే అది ఆ పిల్లని రెండో అమ్మని చేయడమే, చెంపదెబ్బకి కారణమైన "నువ్వు చూసుకోవాలి కదా"ని పర్మనెంట్ చేయడమే. తమ్ముడి మీద అధికారం కానీ బాధ్యత కానీ పాపకి ఉండకూడదు, ఇది ప్లాన్‌లో మొదటి లైను.

మొదటి ప్లాన్ నిలవలేదు

ఆయన ముందుకొచ్చాడు, పగలు కాల్స్ అన్నీ నాకే చేయమనండి, నేను "అమ్మనడుగు" అనను అని. మంచి మాట, అందరం సరే అనుకున్నాం. కానీ సైట్‌లో మిషన్ల మోతలో ఆయనకి రింగ్ వినబడదు, రెండుసార్లు చేసి ఎత్తకపోతే పిల్లలు మళ్ళీ అమ్మకే. అప్పుడు ఆయన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్ పెట్టాడు, అందులో మెసేజ్ పెట్టండి నేను చూసి చెప్తా అని. ఆవిడ కూడా ఆ గ్రూప్‌లో ఉంది. ఫోన్ మోగడం తగ్గింది కానీ ఆవిడ ప్రతి అయిదు నిమిషాలకీ గ్రూప్ చూస్తోంది, ఆయన చిప్స్ తినమని చెప్తే వెనకాలే "వద్దు" అని పెడుతోంది. ఆయనకి కోపమొచ్చి గ్రూప్‌లోంచి వెళ్ళిపోయాడు, ఆ రాత్రి ఇద్దరూ మాట్లాడుకోలేదట.

ఈ గొడవ వల్ల ఒకటి తేలింది. ఇంట్లో లేని మనిషి నుంచి ఇంట్లో లేని ఇంకో మనిషికి పర్మిషన్ మార్చి లాభం లేదు. ఇంట్లో ఉన్నది నానమ్మ.

నానమ్మని ఎవరూ అడగలేదు

నానమ్మ రాలేదు కాబట్టి నేనే వాళ్ళింటికి వెళ్ళా. ఆవిడ బాగా మాట్లాడే మనిషి. పిల్లలు మీ మాట వినరా అంటే, "వింటారమ్మా, నేనే చెప్పను. వచ్చిన కొత్తలో బాబుకి బిస్కెట్లు ఇచ్చానని కోడలు ఏదో అంది, అప్పట్నించీ ఏదడిగినా మీ అమ్మకి ఫోన్ చెయ్యండ్రా అంటున్నా. మాట పడే వయసా నాది" అంది. కోడలికి ఆ బిస్కెట్ల సంగతి గుర్తే లేదు. వాడికి అప్పుడు దగ్గు, డాక్టర్ వద్దన్నాడు, అంతే అత్తయ్యా అంది. అత్తాకోడళ్ళ మధ్య పెద్ద శత్రుత్వం ఏమీ లేదు, ఒక్క మాట ఎవరూ ఎత్తకుండా నెలల తరబడి అలా ఉండిపోయింది.

నలుగురి ముందు, అంటే పిల్లలు కూడా ఉండగా, కోడలి చేత ఒక మాట చెప్పించా, నేను లేనప్పుడు నానమ్మ మాటే ఫైనల్ అని. విడిగా చెప్తే పిల్లలకి అది చేరదు, నానమ్మకి ధైర్యం రాదు. నానమ్మ ఒక షరతు పెట్టింది, సాయంత్రం వచ్చి నా నిర్ణయాన్ని పిల్లల ముందు తీసెయ్యకూడదు. కోడలు మూడు పెట్టింది, పిల్లలు గ్యాస్ స్టవ్ ముట్టకూడదు, పెద్దవాళ్ళు లేకుండా టెర్రస్ ఎక్కకూడదు, తెలీని వాళ్ళకి తలుపు తీయకూడదు. టెర్రస్ సంగతి ముఖ్యం, సంక్రాంతికి హైదరాబాద్‌లో పతంగుల మీద కళ్ళు పెట్టి పిల్లలు పిట్టగోడ దగ్గర వెనక్కి నడుస్తుంటారు. ఆ మూడూ కాక మిగతా అన్నీ, తిండి, టీవీ, స్వెట్టర్, ఫ్రెండ్స్, నానమ్మవే. అమ్మకి ఫోన్ చేయాల్సింది దెబ్బ తగిలినా, జ్వరమొచ్చినా, భయమేసినా మాత్రమే. భయమేస్తే అన్నది పాప కోసం కావాలనే చేర్చా, ఆ పిల్లకి అమ్మ గొంతు వినే దారి పూర్తిగా మూసేయకూడదు.

ఆయన సాయంత్రాలు తీసుకున్నాడు. 11కీ 20కీ ముందు రోజుల్లో ఆవిడ ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఏడింటికల్లా ఇంట్లో ఉండి, ఏం వండాలో ఆయనే ఆలోచించి, ఆయనే వండి పెట్టడం. ఏం వండాలి అని ఆవిడకి ఫోన్ చేయకూడదు.

ఆవిడకి ఇచ్చింది ఒక్కటే, అదే అన్నిటికంటే కష్టం. ఇంటికొచ్చాక మొదటి అరగంట ఒక్క ప్రశ్న కూడా అడక్కూడదు. కాళ్ళు కడుక్కుని, టీ తాగి, పిల్లలు చెప్పింది వినడమే. నేల మీద ఏం పడున్నా సరే.

పండగ వారం

నానమ్మకి అధికారం వచ్చాక ఆవిడ చేసిన మొదటి పని గవ్వల చెక్క బయటికి తీయడం. పిండి కలిపి పెట్టి మధ్యాహ్నాలు ఇద్దర్నీ కూర్చోబెట్టింది, చెక్క మీద చిన్న ఉండ పెట్టి బొటనవేలితో నొక్కి జార్చడం ఆరేళ్ళ వాడికి కూడా వచ్చేసింది, వాడివి గవ్వల్లా లేకపోయినా. వేయించడం మాత్రం రాత్రి కొడుకు వచ్చాకే. అరిసెలు ఇంట్లో వద్దు, స్వగృహ షాపులో కొందాం అన్నది కూడా నానమ్మే. ఏటా కోడలు అర్ధరాత్రి దాకా నిలబడి పాకం పట్టేది అత్తయ్యకి చిన్నతనంగా ఉంటుందేమో అని, అత్తయ్యేమో ఇన్నాళ్ళూ కోడలికి సరదా అనుకుంది.

కాల్స్ మొదటి రెండు రోజులు ఏడెనిమిది వచ్చాయి, ఆవిడ ప్రతిసారీ "నానమ్మనడుగు నాన్నా" అని పెట్టేసింది. తర్వాత మూడు, నాలుగు. ప్రశ్నలు అడక్కుండా అరగంట ఉండటం ఒక సాయంత్రం కుదరలేదు, సోఫా మీద పెరుగు చూసి అరిచింది, ఆయన టీ గ్లాసు చేతికిచ్చి బాల్కనీలోకి తీసుకెళ్ళాడు. భోగి రోజు సాయంత్రం బాబుకి భోగిపళ్ళు పోశారు, ఆరేళ్ళొచ్చాయి ఇంకెందుకు అంటే వాడే పట్టుబట్టాడట.

స్క్రీన్ టైం తగ్గలేదు. అయిదు నుంచి పదేళ్ళ పిల్లలకి రోజుకి రెండు గంటల లోపే ఉండాలని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్తుంది, వీడు నానమ్మతో సీరియళ్ళు కూడా కలుపుకుని అంతకు మించే చూశాడు. ఆవిడ కంగారు పడితే, దాన్ని ఈ వారం ముట్టుకోవద్దన్నాను. ఒకవైపు నానమ్మ మాటే ఫైనల్ అని ఇంకోవైపు టీవీ దగ్గర తీసేస్తే మిగతాదంతా కూలిపోతుంది, స్కూలు తెరిచాక అది ఎలాగూ తగ్గుతుంది.

తర్వాత, నేను మార్చుకున్న పద్ధతులు

ఫిబ్రవరి చివర్లో వచ్చారు, ఈసారి ఇద్దరూ. హిమోగ్లోబిన్ పెరిగింది, నిద్ర కుదురుకుంది. నిద్ర ఎంతవరకు టాబ్లెట్ల వల్ల, ఎంతవరకు ఫోన్ మోగకపోవడం వల్ల అన్నది విడదీసి చెప్పలేం, రెండూ ఒకే నెలలో జరిగాయి. పాపకి ఆవిడ సారీ చెప్పింది, కేక్ మీద కాదు, మామూలుగా జడ వేస్తూ. పాప ఏమందో నేను అడగలేదు.

ఈ కేసు తర్వాత నుంచి సెలవుల టైంలో ఏ తల్లి వచ్చినా డైరీ కంటే ముందు కాల్ లిస్ట్ చూస్తున్నా, ఇద్దరి ఫోన్లూ. పనులు ఎవరు చేస్తారు అన్న ప్రశ్న పక్కనే, ఎవరిని అడిగి చేస్తారు అని కూడా అడుగుతున్నా. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళు రాలేకపోయినా సరే, కనీసం ఫోన్‌లోనైనా మాట్లాడకుండా ప్లాన్ వేయట్లేదు. పెద్ద పిల్ల అమ్మాయైతే, ఆ పిల్లతో తప్పకుండా విడిగా.

ఆఫీసు వైపు ఏమీ మారలేదు, ఆ తేదీలు అవే, లీవులు అవే. నానమ్మ ఏప్రిల్‌లో ఊరెళ్ళిపోతానంటోంది, వేసవి సెలవులప్పటికి పగలు ఇంట్లో పెద్దవాళ్ళెవరూ ఉండరు, పిల్లలిద్దర్నీ ఒంటరిగా వదలడం కుదరదని ముందే చెప్పేశా. పిల్లల్ని ఊరు పంపడమా, నానమ్మని ఇంకో రెండు నెలలు ఉండమని అడగడమా, పగటిపూట మనిషిని పెట్టుకోవడమా, మార్చిలో కూర్చుని తేల్చాలి. ఈసారి సిట్టింగ్‌కి నానమ్మని కూడా తీసుకురమ్మన్నాను, లిఫ్ట్ ఉంది, ఇబ్బంది ఉండదని.